మండువాలో బొమ్మల క్లాసు: ఎనిమిది నుంచి పది దాకా నా అనుభవం

మా పిన్ని కూతురు ఈ ఏడు ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. నోటు పుస్తకాల వెనక అట్టల మీద కూడా బొమ్మలేస్తుంది. దాన్ని బొమ్మల క్లాసులో చేర్చాలా, చేరిస్తే చదువు దెబ్బతింటుందా, అసలు అక్కడ ఏం నేర్పుతారు అని పిన్ని ఫోన్ చేసి అడిగింది. ఫోన్లో చెబితే తెమిలే సంగతి కాదు. నేను ఎనిమిది నుంచి పదో తరగతి పరీక్షల దాకా ఆదివారం ఆదివారం ఒక మేస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకున్నాను. ఇప్పుడు విశాఖపట్నంలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. పిన్నికి చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న పెట్టుకుని తేల్చుకోలేనివాళ్ళు మా గోదావరి జిల్లాల్లో ఇంకా చాలామంది ఉన్నారు.

మాది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య కాలవ గట్టు మీద ఊరు. నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. అమ్మ ఇంట్లో లేసు అల్లుతుంది. మా హైస్కూల్లో డ్రాయింగ్ మేస్టారు ఉండేవారు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, ఆ పీరియడు లెక్కలకి వెళ్ళిపోయింది. చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్ళలోనూ అదే వరస. ఆరో తరగతి దాకా రంగుల పుస్తకం ఇస్తారు, హైస్కూల్లోకి వచ్చేసరికి తీసేస్తారు. చెయ్యి కుదురుకునే వయసు, కంటికి ఓపిక వచ్చే వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. పదమూడేళ్ళ పిల్ల ఒక వస్తువు ముందు గంటన్నర కదలకుండా కూర్చోగలదు. ఏడేళ్ళప్పుడు కూర్చోలేదు. కూర్చోగలిగే వయసు రాగానే కాగితం లాగేసుకోవడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

రిటైరైన ఆ మేస్టారే తన ఇంట్లో క్లాసు పెట్టారు. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు మాత్రమే. ఇచ్చినవాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకునేవారు, ఇవ్వలేనివాళ్ళని అడిగేవారు కాదు.

మేస్టారి ఇల్లు పాతకాలపు మండువా లోగిలి. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, నడిమధ్య ఆకాశం కనిపిస్తుంది. వాన పడితే నీళ్ళు మధ్య పల్లంలోకి దిగి తూములోంచి బయటికి పోతాయి. బొమ్మ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నేను ఇప్పటిదాకా చూడలేదు. ట్యూబులైట్లున్న గదిలో ఒక్క చెంబుకి మూడు నాలుగు నీడలు పడతాయి, దేన్ని నమ్మాలో తెలీదు. మండువాలో వెలుగు ఒకే వైపు నుంచి మెత్తగా దిగుతుంది. మేస్టారు దక్షిణపు వసారాలో చెక్క స్టూలు వేసి దాని మీద వస్తువు పెట్టేవారు. అక్కడికి ఉత్తరపు ఆకాశం వెలుగు వస్తుంది, మండు వేసవిలో తప్ప ఎండ నేరుగా పడదు. అందుకని పొద్దున్న ఎనిమిదింటికి చూసిన నీడ పదింటికి కూడా దాదాపు అక్కడే ఉంటుంది. మా కాలేజీలో బొమ్మలేసే గదికి పెద్ద కిటికీలు ఉత్తరానికి ఎందుకు పెట్టారో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మొదటి నెలలంతా బొగ్గుతోనే గడిచాయి. ఆ బొగ్గు కూడా కొన్నది కాదు. పెన్సిలంత లావు చింతపుల్లలు బెరడు గీకి, రేకు డబ్బాలో సందు లేకుండా కూరి, మూతకి సన్నటి చిల్లు పెట్టి, పెరట్లో నిప్పుల్లో పెట్టేవాళ్ళం. గాలి తగలకుండా కాలితే పుల్ల బూడిదవకుండా బొగ్గవుతుంది. చిల్లులోంచి పొగ రావడం ఆగాక డబ్బా తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకూడదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద ముందు గీసుకునే గీతలు చింతపుల్ల బొగ్గుతోనే గీస్తారని అప్పుడే చెప్పారు. పాత న్యూస్ పేపర్ల మీద, నిలబడి, మణికట్టు కదపకుండా భుజం నుంచి చెయ్యి ఊపుతూ గీతలు గీయించేవారు. నిలువు, అడ్డం, ఏటవాలు, సున్నాలు. విసుగొచ్చి మానేసినవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం అది బాగా నచ్చింది. వేళ్ళతో గీసిన గీత వణుకుతుంది, భుజంతో గీసింది సాగుతుంది. ఆ తేడా రెండో ఆదివారానికే కళ్ళకి కనపడుతుంది.

తరవాత స్టూలు మీదకి మొదటి వస్తువు వచ్చింది. ఒలిచిన కొబ్బరికాయ.

కొబ్బరికాయే కదా అనుకున్నాం అందరం. మా ఊళ్ళో కొబ్బరికాయ పట్టుకోని చెయ్యి ఉండదు. అందరూ గబగబా ఒక గుండ్రం గీసి, పైన పిలక పెట్టి, మూడు చుక్కలు పెట్టేశారు. మేస్టారు కాగితాలన్నీ పోగుచేసి, కాయ మీద తువ్వాలు కప్పి అడిగారు.

"ఏవమ్మా, కాయకి ఏనెలు ఎన్ని?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒకడు రెండన్నాడు, ఇంకోడు నాలుగన్నాడు.

"కాయని చూసి వెయ్యలేదు మీరు. కొబ్బరికాయంటే ఇలా ఉంటుందని మీకు తెలుసు, ఆ తెలిసింది వేశారు" అన్నారాయన.

తువ్వాలు తీసి దగ్గరికి పిలిచారు. చిప్ప మీద మూడు ఏనెలుంటాయి, నిలువునా కాస్త ఉబ్బిన గీతలు. కింది నుంచి బయల్దేరి పైన కళ్ళ దగ్గర కలుస్తాయి, ఏనెకీ ఏనెకీ మధ్య ఒక్కో కన్ను. మూడు కళ్ళలో ఒకటి మెత్తన, మొలక వచ్చేది దాంట్లోంచే. వేల కాయలు లెక్కపెట్టే నాన్నని ఇంటికెళ్ళి అడిగితే ఆయనా ఒక్క నిమిషం ఆగి, కాయ తెచ్చుకుని చూసి చెప్పారు.

ఆ ఒక్క కాయ ముందు మేం చాలా ఆదివారాలు కూర్చున్నాం. మొదట చుట్టూ గీత మాత్రమే. ఆ తరవాత నీడలు. వెలుగు తగిలే చోటు, దాని పక్కన మధ్యరకం నీడ, ఆ తరవాత బాగా ముదురు నీడ, కాయ కింద స్టూలు మీద పడ్డ నీడ. ఇవి నాలుగూ ఎవరికైనా కనిపిస్తాయి. ఐదోది చూడ్డానికి నాకు చాలాకాలం పట్టింది. కాయ అడుగున, ముదురు నీడకీ స్టూలుకీ మధ్య, సన్నగా ఒక లేత పట్టీ ఉంటుంది. స్టూలు చెక్క మీద పడ్డ వెలుగు మళ్ళీ పైకి ఎగిరి కాయ అడుగుని తాకుతుంది, ఆ వెలుగది. ఎదురు వెలుగు అనేవారు మేస్టారు. స్టూలు మీద తెల్ల కాగితం పరిస్తే ఆ పట్టీ పెరుగుతుంది, నల్లగుడ్డ పరిస్తే మాయమవుతుంది. పరిచి చూపించారు. ఆ సన్నటి పట్టీ వదిలితేనే కాయ గుండ్రంగా తిరుగుతుంది, అది కూడా నల్లగా పులిమేస్తే కాయ అట్టముక్కలా కాగితానికి అతుక్కుపోతుంది. నేను ఇప్పుడు మనిషి బుగ్గ కింద నీడ వేసినా ఆ పట్టీ కోసమే వెతుకుతాను.

పిన్నీ, క్లాసులో ఏం నేర్పుతారని అడిగావు కదా. ఇదే నేర్పుతారు. మంచి క్లాసయితే ఇదే నేర్పాలి.

తొమ్మిదో తరగతిలో మేస్టారు ఎవరింట్లో వస్తువు వాళ్ళని తెచ్చుకోమన్నారు. ఒకడు నాన్న వల ముక్క తెచ్చాడు, ఇంకో అమ్మాయి ఇత్తడి బిందె. నేను అమ్మ అల్లిన లేసు గుడ్డ తీసుకెళ్ళాను, బల్ల మీద పరిచే గుండ్రటి రకం. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లే పని ఇది. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో ఇటు వచ్చిందంటారు. ఇక్కడ అల్లినవి విదేశాలకి వెళతాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఇంత పేరున్నా అల్లే చేతికి దక్కేది తక్కువేనని అమ్మ అంటుంది, నేనూ చూస్తూనే పెరిగాను.

తెల్లదారాన్ని తెల్లకాగితం మీద పెన్సిలుతో ఎలా వేస్తారు? దారం వెంట గీత గీస్తే దారం నల్లగా కనిపిస్తుంది, లేసు ముళ్ళకంపలా తయారవుతుంది. మేస్టారు లేసు గుడ్డని నల్లటి రేకు పళ్ళెం మీద పరిచి, "దారం జోలికి పోకు. చిల్లులు వెయ్యి" అన్నారు. ఒక్కో చిల్లు ఆకారం చూసి నలుపు నింపుకుంటూ పోయాను. కొన్ని చిల్లులు బియ్యపు గింజలా, కొన్ని మూడు మూలలుగా, అంచు దగ్గరవి చంద్రవంకల్లా. చిల్లులన్నీ నిండేసరికి నేను ముట్టుకోని తెల్లకాగితమే దారమైపోయింది. రెండు ఆదివారాలు పట్టింది. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టుకుని, బొమ్మ బాగుందనో బాగోలేదనో అనకుండా, వేలుతో వరసలు లెక్కపెట్టడం మొదలెట్టింది. "మూడో వరసలో ఒక గొలుసు తక్కువైందే" అంది. నిజమే, అక్కడ ఒక చిల్లు మింగేశాను. బొమ్మని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు నాకు ఆ తరవాత కాలేజీలో కూడా తక్కువే తగిలారు. అమ్మ ఆ రోజు నుంచి నా క్లాసు గురించి ఎవరేమన్నా ఊరుకోలేదు.

రంగుల దగ్గరికి వద్దాం. డబ్బాలో ఆకుపచ్చ ట్యూబు ఉంటుంది కదా, మేస్టారు మొదటి రోజే అవన్నీ పోగుచేసి బీరువాలో పెట్టేశారు. "మన ఊళ్ళో ఆకుపచ్చ ఒకటా?" అని అడిగి కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళారు. జులై నెల. నారుమళ్ళు ఒక పచ్చ, గట్టు మీద గడ్డి ఒక పచ్చ, కొబ్బరాకు ఇంకొకటి, అరటాకు మరొకటి, రొయ్యల చెరువులో నీళ్ళు వేరే. అవన్నీ పసుపు, నీలం, ఎరుపు, మట్టి రంగుల్లోంచే పుట్టించాలి. నారుమడికి లెమన్ ఎల్లో నిండుగా తీసుకుని అందులో ప్రష్యన్ బ్లూ కుంచె కొసతో ముట్టించాలి, అంతే. కాస్త ఎక్కువైతే నారు ఎదిగిన చేనైపోతుంది. కొబ్బరాకుకి అల్ట్రామెరైన్ నీలం, ముదురు పసుపు కలిపి, కొద్దిగా బర్న్ట్ సియెన్నా వెయ్యాలి. ఆ ఎర్రమట్టి రంగు పచ్చలోని పచ్చితనాన్ని చంపుతుంది. కొబ్బరాకు ఎండలో వెండిలా మెరిసే చోట ఆకుపచ్చే ఉండదు, ఆకాశం నీలం పల్చగా ఉంటుంది. చెరువు నీటికి ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, ఎక్కువ పడుతుంది. ఒక పెద్ద కార్ట్రిడ్జ్ షీటు (బొమ్మలేసే మందపాటి కాగితం) మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పచ్చ, కింద ఏది ఎంత కలిపామో పెన్సిలుతో రాయించారు. ఆ షీటు ఇప్పుడు నా హాస్టల్ గది గోడ మీద ఉంది. డెల్టాలో పుట్టిన పిల్లలు అందరికంటే బాగా వేయాల్సిన రంగు ఆకుపచ్చ అని నా గట్టి నమ్మకం. ట్యూబులోంచి పిండిన పచ్చతో మన వరిచేను వేస్తే అది మన చేను అవ్వదు.

వానాకాలంలో నీటిరంగులతో మా ప్రాంతంలో ఒక చిక్కుంది, ముందే తెలిస్తే మంచిది. గాలిలో చెమ్మ వల్ల కాగితం మీద పూసిన రంగు ఎంతకీ ఆరదు. సగం ఆరిన చోట ఇంకో నీటిచుక్క పడితే రంగు పక్కకి తోసుకుపోయి అంచుల్లో కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుంటుంది. మేస్టారు దాన్ని పోగొట్టే ఉపాయం చెప్పలేదు. శ్రావణ మాసపు మబ్బులు దాంతోనే వేయించారు. కాగితాల్ని మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కాగితం నీళ్ళని ఒక్కసారిగా పీల్చేయకుండా దానికి జిగురు పెడతారు. చెమ్మకి బూజు పడితే ఆ జిగురు పోతుంది. కంటికి కనపడదు, రంగు వేసినప్పుడు మాత్రం చుక్కలు చుక్కలుగా ఇంకిపోతుంది. అందుకే మేస్టారింట్లో కాగితాల కట్ట వంటింటి అటక మీద, పొయ్యి వేడి తగిలే చోట ఉండేది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి.

గట్టు మీద కూర్చుని వేసే రోజులంటే మాకు ప్రాణం. వేసవిలో కాలవలు కట్టేస్తారు, ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపి మరమ్మతులు చేసుకుంటారు. అప్పుడు కాలవ అడుగు, రేవు మెట్ల కింది మెట్లు, ఒరిగిపోయిన పాత నావ పక్కటెముకలు బయటపడతాయి. మామూలు రోజుల్లో చూడలేని బొమ్మలు అవన్నీ. జూన్‌లో నీళ్ళు వదిలాక అదే రేవు మళ్ళీ వేయించేవారు. రేవు మెట్టు మీద కూర్చుంటే కంటి మట్టం నీటికి దగ్గరగా ఉండి అవతలి గట్టు సన్నటి చారలా కనిపిస్తుంది. వంతెనెక్కి చూస్తే కాలవంతా పైకి లేచి పరుచుకుంటుంది. కంటి మట్టం అనే పాఠం అంతే, స్కేలు పట్టుకుని గీతలు గీయక ముందే ఒంటికి పట్టేసింది. ఆ తరవాతే పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం కింద నిలబెట్టి, పైకి పోయేకొద్దీ అంతస్తులు ఎలా కుదించుకుపోతాయో, నిలువు గీతలు కూడా ఎలా దగ్గరికి వాలతాయో చూపించారు.

ఆగస్టులో ఎర్రనీరు వస్తుంది. ఒక ఆదివారం మేస్టారు, "నీళ్ళలో ఏం కనిపిస్తోంది?" అని అడిగారు. చెట్ల నీడలన్నాం. "నీడా, ప్రతిబింబమా?" అన్నారు. అప్పుడు చూశాం. తేట నీటి మీద చెట్టు నీడ పడదు, ప్రతిబింబం ఒక్కటే కనిపిస్తుంది, వెలుగు నీటిలోపలికి దిగిపోతుంది కాబట్టి. ఎర్రనీటిలో మట్టి ఉంది, ఆ మట్టి మీద నీడ నేల మీద పడినట్టే పడుతుంది. ప్రతిబింబం మన వైపు నిలువుగా వస్తుంది, నీడ సూర్యుడు లేని వైపుకి ఏటవాలుగా పోతుంది. ఒకే కొబ్బరిచెట్టుకి నీటి మీద రెండు బొమ్మలు, రెండు దిక్కుల్లో. పుట్టినప్పటి నుంచి ఆ కాలవ పక్కనే ఉన్నాను, ఆ రోజు దాకా చూడలేదు.

ఆడపిల్లల్ని గట్టు మీదకి పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోరు. దారిన పోయేవాళ్ళు చుట్టూ మూగుతారు, మోటారు సైకిళ్ళు ఆపుతారు. మేస్టారి భార్య, మేం మామ్మగారనేవాళ్ళం, గొడుగు వేసుకుని మాతో పాటు వచ్చి గట్టు మీద పీట వేసుకుని కూర్చునేవారు. మూగినవాళ్ళతో "ఏవండీ, చూసింది చాలు గానీ కాస్త వెలుగుకి అడ్డం తప్పుకోండి" అనేవారు. ఆవిడ లేకపోతే మా బ్యాచి ఆడపిల్లలెవరం బయట బొమ్మ వేసి ఉండేవాళ్ళం కాదు. క్లాసు పెట్టేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

మమ్మల్ని రాజమండ్రి కూడా తీసుకెళ్ళారు, చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి. నిడదవోలు మీదుగా రైలు, కొవ్వూరు దాటాక గోదావరి మీద వంతెన, పిల్లలంతా కిటికీల దగ్గరే. దామెర్ల 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చెయ్యి గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి వెనక్కొచ్చి సొంత ఊళ్ళోనే చిత్రకళ నేర్పడానికి పూనుకున్నారు. 1925లో మశూచి సోకి 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలేసేవారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పని కొనసాగించారు. భీమవరం వైపు పుట్టిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. మన నరసాపురంలో 1933లో పుట్టిన బాపు సంగతి మా నాన్నకి కూడా తెలుసు గానీ, దామెర్ల పేరు మాలో ఎవరం అంతకుముందు వినలేదు. గోదావరి గట్టున, మన నేలలో, ఇంత పని జరిగిందని ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధనిపించింది.

అసలు బొమ్మ ముందు నిలబడ్డం వేరు. ఫోన్లో చూసినప్పుడు అంతా ఒకే నున్నగా ఉంటుంది. ఇక్కడ కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ నీరు ఎక్కువైందో, రంగు ఎంత పల్చన మీద పల్చనగా ఎక్కిందో తెలుస్తుంది. మేస్టారు ఒక్కొక్కళ్ళని ఒక్క బొమ్మే ఎంచుకోమన్నారు, అన్నీ చుట్టి రావద్దన్నారు. నేను ఒక స్త్రీ చేతివేళ్ళ దగ్గరే ఉండిపోయాను. ఒకే గీత లావై, సన్నమై, మళ్ళీ లావై ముంజేతి దాకా వెళ్ళింది. బొగ్గుతో భుజం నుంచి గీసిన సున్నాలు ఎందుకో అప్పుడు అర్థమైంది.

పోటీల గురించి ఒక మాట. మా స్కూలు పిల్లలు ప్రతి ఏడూ ఏదో ఒక చిత్రలేఖనం పోటీకి వెళ్ళేవారు. పర్యావరణం అంటే అరచేతిలో భూగోళం, స్వచ్ఛత అంటే చీపురు. ఫోన్లో చూసి దించడం, బహుమతులు కూడా వాటికే. మేస్టారు మమ్మల్ని పోటీలకి ఆపలేదు గానీ, దించిన బొమ్మని క్లాసులో చూసేవారు కాదు. ఆయనదే సరైన పద్ధతి అంటాను నేను. కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి 9 నుంచి 12 తరగతుల పిల్లలకి పెడుతున్న కళా ఉత్సవ్ లాంటివి ఇంకో తరహా, అక్కడ స్థానిక కళలకి చోటుంది. పిల్ల సొంత ఊరి బొమ్మ తీసుకుని వెళ్ళగలిగితే అలాంటి వాటికి పంపాలి.

తొమ్మిది అయ్యాక డ్రాయింగ్ లోయర్ పరీక్ష రాశాను. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు పరీక్షల్లో ఇదొకటి, దీని పైన హయ్యర్ ఉంటుంది. లోయర్ పాసైనవాళ్ళకి వేసవిలో 42 రోజుల టీచర్ ట్రైనింగ్ ఉంటుంది. డ్రాయింగ్ టీచర్ అవ్వాలనుకునేవాళ్ళ దారి ఇది. పరీక్ష కోసం నేర్చుకున్నది వేరు, మండువాలో నేర్చుకున్నది వేరు. పరీక్షలో టైము లోపల శుభ్రంగా, కొలత తప్పకుండా, రెండు పక్కలా సమంగా వెయ్యాలి. అది కూడా పనికొచ్చే క్రమశిక్షణే. కానీ లోయర్ సర్టిఫికెట్ కోసమే పిల్లని క్లాసుకి పంపితే, సర్టిఫికెట్ వస్తుంది, కన్ను రాదు.

ఇక పదో తరగతి. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "ఈ ఒక్క ఏడూ ఆపమ్మా, పరీక్షలయ్యాక వేసుకుందువుగాని" అన్నారు నాన్న. బంధువులంతా అదే మాట. నా బ్యాచిలో చాలామంది అక్కడే ఆగిపోయారు, తరవాత ఒకరో ఇద్దరో తప్ప వెనక్కి రాలేదు. చెయ్యి ఏడాది పాటు పడుకుంటే మళ్ళీ లేవడం కష్టం. అంతకంటే ముఖ్యం, బొమ్మ అనేది ఆపెయ్యగలిగిన సంగతి అని పిల్లకి ఒకసారి తెలిసిపోతుంది. మా ఇంట్లో అమ్మ అడ్డుపడింది. మేస్టారు నాన్నని పిలిచి మాట్లాడారు.

"రోజంతా వద్దండి, ఆదివారం పొద్దున్న రెండు గంటలు పంపండి చాలు. ఆయ్, మార్కులు తగ్గితే నన్నడగండి" అన్నారు.

నాన్న ఒప్పుకున్నారు. దానికి తోడు జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి ఇచ్చి, రోజుకి ఒక్క బొమ్మ వేయమన్నారు, పెన్నుతో, చెరపకుండా. బస్టాపులో చెప్పులు, ట్యూషన్ మేడమ్ వెనక జడ, కొబ్బరికాయల దింపు తీసేవాడి కాళ్ళకి కట్టుకున్న తాడు. ఐదు నిమిషాల పని. పదో తరగతిలో నాకు నిద్రకి ముందు ఊపిరాడింది ఆ ఐదు నిమిషాల్లోనే. మార్కులు బాగానే వచ్చాయి. జీవశాస్త్రం బొమ్మలకి మాత్రం నేను విడిగా ఒక్క రోజు కూడా చదవలేదు.

ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్ళనని పట్టుబట్టి పాలకొల్లులోనే చదివాను. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షల్లో ఎదురుగా పెట్టిన వస్తువు వేయమంటారు, జ్ఞాపకం నుంచి ఒక దృశ్యం వేయమంటారు. సంత గాని రైల్వే స్టేషన్ గాని అలాంటిదేదో. జేబు పుస్తకం నింపినవాళ్ళకి అది కష్టం కాదు. డిగ్రీ నాలుగేళ్ళు. ఆ తరవాత ఏం ఉద్యోగం అని నాన్న ఇప్పటికీ అడుగుతారు. టీచింగ్ ఉంది, పుస్తకాల బొమ్మలు, యానిమేషన్, బట్టల డిజైను ఉన్నాయి. నాకైతే మళ్ళీ మన వైపే వచ్చి హైస్కూలు పిల్లలకి నేర్పాలని ఉంది.

పిన్నీ, చెల్లి డాక్టరైనా, బ్యాంకులో చేరినా దానికి ఈ మూడేళ్ళు కావాలి. క్లాసు ఎంచుకునేటప్పుడు గోడల మీద బొమ్మలు చూసి మోసపోకు. అన్నీ ఒకేలా ఉంటే అక్కడ దించడం నేర్పుతున్నారని అర్థం. పిల్లల ముందు నిజమైన వస్తువు ఉందా, ఒక్కో వస్తువుకి ఎంతసేపు కూర్చోనిస్తున్నారు, మేస్టారు పిల్ల బొమ్మ మీద తన చెయ్యి వేసి దిద్దుతున్నారా లేక వేలుతో చూపించి పిల్లతోనే దిద్దిస్తున్నారా, ఇవి చూడు. దిద్ది ఇచ్చే చోట చేర్చకు. ఇరవై నాలుగు రంగుల డబ్బా కొనకు. రెండు పసుపులు, రెండు నీలాలు, రెండు ఎరుపులు, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా ట్యూబులు విడిగా తీసుకో. ఒక లావు గుండ్రటి కుంచె, ఒక సన్నటిది చాలు, కొస ముక్కుగా నిలిచే రకం చూసి కొను. మెత్తగా, నల్లగా పడే 2బి, 4బి, 6బి పెన్సిళ్ళు. మామూలు రోజులకి కార్ట్రిడ్జ్ షీట్లు, నీటిరంగులకి నెలకి రెండు మూడు బాగా మందపాటి 300 జీఎస్ఎం కాగితాలు. డ్రాయింగ్ బోర్డు కొనొద్దు. నాది మా ఇంట్లో అటక మీద ఉంది, క్లిప్పులతో సహా. అమ్మనడిగి తీసుకో. మేస్టారు కొత్తపిల్లల్ని కాలవలు వదిలే రోజుల్లోనే చేర్చుకుంటారు, అప్పటికి చెల్లిని తీసుకెళ్ళు.